టెంపరేచర్ ముల్లు పైకెక్కితే మీటర్ బోర్డు మార్చాలా?

రేడియేటర్‌లో నీళ్లున్నా మీ పాత కారులో టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి వేడిని చూపే హెచ్ గుర్తు దాకా వెళ్తోందని, షాపులో మీటర్ బోర్డే మార్చాలంటున్నారని రాశారు. మార్చకండి. ముందు ఎర్త్, అంటే బోర్డు కరెంటు కారు బాడీలోకి పోయే తీగ, చూపించండి.

మా మారుతి 800 అచ్చం ఇలాగే చేసింది. గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్ దాటాక చీకటి పడింది. లైట్లు వేశాను, ముల్లు లేచింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆవిరీ లేదు, వాసనా లేదు. మర్నాడు ఒక షాపులో బోర్డు మొత్తం పోయిందన్నారు. నమ్మబుద్ధి కాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. "లైట్లు వేయండి బాబూ" అన్నాడు. ముల్లు లేచింది. "ఆపండి." దిగింది. మళ్లీ వేయించి పెట్రోల్ ముల్లు చూపించాడు. అదీ లేస్తోంది! "నీళ్లు ఇంత తొందరగా కాగవు, చల్లారవు. రెండు ముళ్లూ కలిసి లేస్తున్నాయంటే సెన్సార్‌ది కాదు, ఎర్త్‌ది" అని డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఎర్త్ తీగ చివర బోల్టు పట్టే లగ్గు నిండా పచ్చటి చిలుము. ఉప్పుకాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించాడు. ముల్లు మధ్యలో నిలబడింది.

లైట్లు వేస్తే బోర్డులోని బల్బుల కరెంటు కూడా ఆ ఎర్త్ తీగలోంచే పోవాలి. అది సరిగా తగలకపోతే ముళ్లు తప్పు చూపిస్తాయి.

లైట్లతో సంబంధం లేకుండా లేస్తుంటే, ఇంజిన్ చల్లారాక కీ ఆన్ చేసి, మీటర్‌కు ఇంజిన్ వేడి చెప్పే సెన్సార్ తీగ పీకి చూడమనండి. ముల్లు చల్లదనం చూపే సి గుర్తు దగ్గరికి పడిపోతే బోర్డు బాగున్నట్టే, సెన్సార్ మారిస్తే చాలు. పడకపోతే ఆ తీగ ఎక్కడో బాడీకి తగులుతూ ఉండొచ్చు. కొత్త కార్లలో ఇలా పీకకూడదు, స్కానర్ పెట్టాలి. ట్రాఫిక్‌లో మెల్లగా ఎక్కుతుంటే మాత్రం అది నిజం వేడే. ఫ్యాన్, థర్మోస్టాట్ (ఇంజిన్ కాగాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) చూపించండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

అసలు ఈమధ్య చాలా కార్లలో ముల్లే తీసేశారు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరీ కాగితే ఎర్ర లైటు, అంతే. బెజవాడ ఎండల్లో ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. ముల్లయితే ముందే చెబుతుంది. పైగా బోర్డు మారిస్తే కిలోమీటర్ల లెక్క కూడా మారిపోతుంది, రేపు కారు అమ్మేటప్పుడు ఎవరు నమ్ముతారు?

ఈ రాత్రి లైట్లు వేసి పెట్రోల్ ముల్లు కదులుతోందేమో చూసి ఇక్కడ రాయండి.