నవంబర్‌లో చెన్నై వద్దు, జనవరికి మార్చుకోండి

నవంబర్ రెండో వారంలో అమ్మానాన్నలతో మూడు రోజులు చెన్నై చూడాలి, అప్పటికి ఎండ తగ్గుతుంది కదా అని అడిగారు. తగ్గుతుంది, నిజమే. కానీ మన వైపులా కాకుండా ఇక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. నవంబర్‌లో మరీ ఎక్కువ. మేం వేళచ్చేరిలో ఉంటాం. ఆ నెలలో దిగిన చుట్టాలు సముద్రం కంటే మా టీవీనే ఎక్కువ చూసి వెళ్లారు! టికెట్లు మార్చే వీలుంటే జనవరి చివర్లో రండి. పొంగల్ రోజుల్లో మాత్రం వద్దు, మెరీనాలో ఇసుక కనపడనంత జనం.

మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి. మహాబలిపురం సుమారు 55 కిలోమీటర్లు. చీకటితోనే కారులో బయల్దేరితే ఎండెక్కేలోపు పల్లవుల రథాలు, తీరాలయం చూసేయొచ్చు. మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం వెళ్లండి. ఎగ్మూర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడ మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, చాలామంది తెలుగువాళ్లు ఆ సంగతే తెలియక పక్క నుంచే పోతుంటారు.

మెరీనాలో పాదాలు తడుపుకుంటే చాలు. అలలు లాగేస్తాయి, పిల్లలుంటే చెయ్యి వదలకండి.