చెల్లింపు దగ్గరే చిక్కంతా

చిరంజీవి కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. గ్రీన్ కార్డు చేతికొచ్చి నెల తిరగలేదు, అప్పుడే షాట్‌గన్ కొంటానంటున్నావు. కొనుక్కో. పదిహేనేళ్ళుగా షూటింగ్ ఆటలో గాల్లోకి ఎగిరే మట్టి పళ్ళేలను పగలగొడుతున్నవాణ్ణి, నీకు వద్దని చెబితే మీ అత్తయ్యే నవ్వుతుంది. అయితే నువ్వు అడిగింది ఏ తుపాకీ మంచిదని. అది ఒక మధ్యాహ్నంలో తేలిపోయే పని. డబ్బు ఎలా కట్టాలి, సరుకు ఏ దారిన వస్తుంది అనే దగ్గరే మనవాళ్ళు తడబడతారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మా తాతగారికి ఊళ్ళో జంట గొట్టాల తుపాకీ ఉండేది. మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్‌లో జమ చేసి రశీదు తెచ్చుకోవడం, ఓట్ల లెక్కింపు అయ్యాక వెళ్ళి విడిపించుకోవడం. అక్కడ ఔనన్నా కాదన్నా సర్కారే. ఇక్కడ టెక్సస్‌లో సర్కారు సరేనన్నా సరిపోదు. బ్యాంకు, కార్డు కంపెనీ, చెల్లింపు యాప్, కొరియర్, ఎవరికి వారే నిబంధనలు రాసి పెట్టుకున్నారు. చట్టం ఒప్పుకుంది కదా అని వాళ్ళతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా షూటింగ్ క్లబ్బులో ఒక పెద్దాయన తన పాత తుపాకీ అమ్ముతానన్నాడు. ఇద్దరం టెక్సస్ వాళ్ళమే, చట్టపరంగా ఏ అడ్డూ లేదు. 550 డాలర్లు ఫోనులోని చెల్లింపు యాప్‌లో పంపాను. అక్కడితో ఊరుకోక, లెక్క స్పష్టంగా ఉండాలని కింద ‘షాట్‌గన్ డబ్బు’ అని రాశాను. సాయంత్రానికి ఖాతా స్తంభించిపోయింది. నా డబ్బు ఒక్కటే అయితే సరే, ఉగాది సభకు స్నేహితులు పంపిన 2,300 డాలర్లు కూడా అందులోనే ఉన్నాయి. హాలు అద్దె, భోజనాల ఖర్చు నా జేబులోంచి కట్టాను. అవి బయటపడేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ కంపెనీ పేరు ఎందుకులే. ఖాతా తెరిచినప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కింది నేనే కదా. నొక్కేముందు ఆ నిబంధనలు ఎవరు చదువుతారు?

తర్వాత కూర్చుని చదివాను. పేపాల్, దాని చేతిలోనే ఉన్న వెన్మో తుపాకీలకూ తూటాలకూ తమ ద్వారా డబ్బు చెల్లించడాన్ని ఒప్పుకోవు. చిన్న దుకాణాలు వాడే స్క్వేర్, స్ట్రైప్‌లదీ ఇదే ధోరణి. ఈబే 1999లోనే తుపాకీల అమ్మకం మానేసింది. ఫేస్‌బుక్ 2016లో వ్యక్తుల మధ్య అమ్మకాలను నిషేధించింది. అందుకే తుపాకీ దుకాణాలు ఈ వ్యాపారాన్ని ఒప్పుకునే ప్రత్యేక కార్డు సంస్థలను వెతుక్కుంటాయి. వాళ్ళు ఎక్కువ రుసుము తీసుకుంటారు, దుకాణం దాన్ని నీ మీద వేస్తుంది. కౌంటరు దగ్గర ‘నగదు ధర, కార్డు ధర’ అని రెండు అంకెలు కనబడితే ఆశ్చర్యపోకు. సుమారు 3 శాతం తేడా మామూలే.

ఇక్కడే నీకు గట్టిగా చెప్పవలసింది ఉంది. యాప్ ఒప్పుకోదని తెలిసి, కింద ‘క్యాంపింగ్ సామాను’ అనో ‘పుట్టినరోజు కానుక’ అనో రాయమని అమ్మేవాడు సలహా ఇస్తాడు. రాయకు. దొరికితే ఖాతా పోతుంది, అది చిన్న నష్టం. రేపు ఏదైనా తగాదా వస్తే నువ్వు ఏం కొన్నావో నీ రశీదే అబద్ధం చెబుతుంది. ఎదురెదురుగా కొంటే నగదు ఇచ్చి సంతకం చేసిన కాగితం తీసుకో. దూరం నుంచి కొంటే కార్డు, అది కుదరకపోతే పోస్టాఫీసు మనీ ఆర్డరు. మనీ ఆర్డరు ఒక్కొక్కటి 1,000 డాలర్ల వరకే ఇస్తారు, అంతకు మించితే రెండు తీసుకోవాలి.

ఈ మూసిన తలుపులే దొంగలకు పెట్టుబడి. 900 డాలర్ల తుపాకీ 480కే అని ఒక వెబ్‌సైటు కనబడుతుంది. కార్డుతో కడతానంటే, ‘కార్డు కంపెనీలు మమ్మల్ని వేధిస్తున్నాయి సార్, జెల్‌లో (బ్యాంకు ఖాతాలోంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపండి, క్రిప్టో అయితే ఇంకో 10 శాతం తగ్గింపు’ అంటారు. కార్డు కంపెనీలతో ఇబ్బంది ఉన్న మాట నిజమే కాబట్టి ఈ మాట నమ్మబుద్ధి అవుతుంది. అలా పంపిన డబ్బు వెనక్కి తెప్పించుకోవడం గగనం. మా క్లబ్బులో ఇద్దరు బాగా చదువుకున్నవాళ్ళే మోసపోయారు. నిజమైన దుకాణానికి ఫెడరల్ లైసెన్సు ఉంటుంది. ఆ నంబరు అడుగు. తుపాకీల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వెబ్‌సైటులో ఆ నంబరు సరిచూసుకోవచ్చు.

కార్డుతో కొంటే నీ పేరు ఏదో జాబితాలోకి ఎక్కుతుందని భయపడ్డావు. ఉన్నదింతే. ప్రతి దుకాణానికీ కార్డు వ్యవస్థలో ఒక వర్గం సంఖ్య ఉంటుంది. తుపాకీ దుకాణాలు ఇదివరకు క్రీడా సామగ్రి లాంటి వర్గాల్లో కలిసి ఉండేవి. 2022లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాటికి 5723 అనే వేరే సంఖ్య ఒప్పుకుంది. వీసా, మాస్టర్‌కార్డ్ మొదట సరేనని, 2023 మార్చిలో ఆగాయి. ఆపైన రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా ఆ సంఖ్య వాడి తీరాలంది, మన టెక్సస్ 2023లోనే వాడకూడదని చట్టం చేసింది. ఆ సంఖ్య చెప్పేది దుకాణం రకమే, నువ్వు కొన్న వస్తువు కాదు. ఆ దుకాణంలో చెవులకు పెట్టుకునే మఫ్లు కొన్నా అదే సంఖ్య పడుతుంది. దాన్ని తలచుకుని నిద్ర పాడుచేసుకోనక్కర లేదు.

ఇక సరుకు రవాణా. ఆన్‌లైన్‌లో కొంటే తుపాకీ ఇంటికి వస్తుందని మన పిల్లలు చాలామంది అనుకుంటారు. రాదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చేది మీ ఊళ్ళో లైసెన్సు ఉన్న డీలరుకే రావాలి. అక్కడ కొనేవాడి వివరాలు రాసే 4473 అనే ఫెడరల్ ఫారం నింపుతావు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేర చరిత్ర ఏమైనా ఉందా అనే ఆరా) అవుతుంది, అప్పుడు చేతికిస్తారు. యూపీఎస్, ఫెడెక్స్ కొరియర్లు సామాన్యుల దగ్గర తుపాకీలు తీసుకోవడం మానేశాయి, లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరే తీసుకుంటాయి. పోస్టాఫీసు షాట్‌గన్ లాంటి పొడుగు తుపాకీని డీలరు పేరున పంపనిస్తుంది. తూటాలను మాత్రం ఎవరి దగ్గరా తీసుకోదు. కాబట్టి ఒహాయోలో ఎవరో పెద్దమనిషి దగ్గర పాతది కొంటే, అక్కడ ఆయన పంపగలడా, ఇక్కడ మీ డీలరు లైసెన్సు లేని వ్యక్తి నుంచి వచ్చిన పెట్టెను తీసుకుంటాడా, రెండూ ముందే ఫోను చేసి అడుగు. కొందరు డీలర్లు తీసుకోరు. డబ్బు కట్టేశాక అడిగితే పెట్టె త్రిశంకు స్వర్గంలో వేలాడుతుంది.

ఇంకో చిక్కు. బిల్లు నీ ఇంటి చిరునామాకు, సరుకు డీలరు చిరునామాకు. ఈ తేడా చూసి మీ బ్యాంకు మోసమనుకుని చెల్లింపు ఆపేయవచ్చు. కట్టేముందు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేసి ఒక మాట చెప్పిపెట్టు.

నువ్వు పంపిన లింకులో ధర 640 డాలర్లు. కార్డుకు 3 శాతమంటే 19 డాలర్ల 20 సెంట్లు, రవాణా 25, మీ డీలరు అప్పగింత రుసుము 35. మొత్తం 719 దాటింది. నిన్న నేను మా దుకాణానికి వెళ్ళి అడిగాను, అదే మోడల్ నగదుకు 710. పన్ను రెండు చోట్లా తప్పదు. పైగా ఇక్కడ భుజానికి ఆనించి చూసుకోవచ్చు, నచ్చకపోతే పక్కది తీయమనవచ్చు. ఆన్‌లైన్‌లో వచ్చినదాన్ని ఒకసారి నీ పేరున రాయించుకున్నాక వెనక్కి తీసుకునేవాళ్ళు అరుదు. తూటాలూ ఇక్కడే కొను. పాతిక తూటాల పెట్టెలు పది కలిపితే మంచి బరువే. ప్రమాదకర సరుకు కింద వాటి రవాణాకు పెట్టే ఖర్చుతో ఇంకో రెండు పెట్టెలు వస్తాయి.

వాల్‌మార్ట్‌లో దొరకవా అని అడిగావు కదా. షాట్‌గన్ తూటాలు దొరుకుతాయి. 2019 ఆగస్టులో మన టెక్సస్‌లోనే ఎల్ పాసోలోని వాళ్ళ దుకాణంలో ఒక దుర్మార్గుడు 23 మంది ప్రాణాలు తీశాక చేతి తుపాకీల తూటాలు అమ్మడం మానేశారు. మా క్లబ్బులో దీని మీద ఇప్పటికీ తిట్టుకుంటారు. నేను తిట్టను. రక్తం కడిగిన నేల మీద మళ్ళీ కొట్టు తెరిచినవాడు ఏం అమ్మాలో వాడికే వదిలేస్తాను. నాకు ఒళ్ళు మండేది అమ్మనని ముందే చెప్పేవాడి మీద కాదు. డబ్బు తీసుకున్నాక నిబంధన చూపించేవాడి మీద.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. నీ రూమ్మేటు ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాడు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప ఆ వీసా మీద తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. రేపు వాడు ‘నీ పేరున కొను, డబ్బు నేను పంపుతాను’ అనవచ్చు. స్నేహితుడు కదా అని ఒప్పుకోకు. 4473 ఫారంలో ఈ తుపాకీ నీ కోసమేనా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం. ఇలా మరొకరి కోసం కొనడానికి 2022 చట్టం 15 ఏళ్ళ వరకు జైలు పెట్టింది. పౌరుడైతే జైలుతో పోతుంది. గ్రీన్ కార్డు వాళ్ళను తుపాకీ నేరం మీద దేశం నుంచే పంపేయవచ్చు.

వర్జీనియాలో అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు తన అంకుల్ కోసం గ్లాక్ అనే రకం చేతి తుపాకీ కొన్నాడు. మేనమామా బాబాయీ ఇక్కడ ఒకటే కదా. పోలీసువాళ్ళకు ఇచ్చే తగ్గింపు ధర వాడుకుందామని అతని ఆలోచన. ఆ పెద్దాయన తుపాకీ ఉంచుకోవడానికి అన్నివిధాలా అర్హుడే. అయినా ఫారంలో నా కోసమే అని రాసినందుకు శిక్ష పడింది, 2014లో సుప్రీం కోర్టు 5-4 జడ్జీల తేడాతో దాన్ని ఖాయం చేసింది. అతనికి ఎదురు తిరిగిన సాక్ష్యాల్లో ఒకటి ఏమిటో తెలుసా? అంకుల్ ముందే పంపిన 400 డాలర్ల చెక్కు. దాని మీద వివరం రాసే గీతలో ‘గ్లాక్ 19 చేతి తుపాకీ’ అని పొందికగా రాసి ఉంది. నీ తుపాకీ నన్నే కొనిపెట్టమని నువ్వు పంపిన 300 డాలర్లు నిన్న తిప్పి పంపడానికి కారణం ఇదే. కోపం వచ్చిందని అక్కయ్య చెప్పింది. ఇప్పుడు అర్థమయి ఉంటుంది.

నీ డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంకా ఇర్వింగ్ చిరునామానే ఉంది. ఫ్రిస్కోకు మారి రెండు నెలలైంది. ఫారంలో ప్రస్తుత చిరునామా రాయాలి, గుర్తింపు కార్డూ దానికి సరిపోవాలి. ముందు అది మార్పించుకో. ఫారానికి గ్రీన్ కార్డు మీది నంబరు కూడా కావాలి, కార్డు వెంట తెచ్చుకో. తుపాకీ ఇంటికి రాకముందే తాళం వేసే పెట్టె ఇంట్లో ఉండాలి.

కొత్త లైసెన్సు వచ్చేలోపు ఆదివారం ఉదయం ఏడున్నరకు మా క్లబ్బుకు రా. నా 20 గేజ్ షాట్‌గన్ ఇస్తాను, ఒక రౌండుకు 25 పళ్ళేలు. భుజం నొప్పి పెట్టకపోతే అప్పుడు దుకాణానికి వెళదాం. తూటాలు రెండు పెట్టెలు నువ్వే తెచ్చుకో, డబ్బులు నాకు పంపకు.

మీ మామయ్య