లినక్స్ డెస్క్‌టాప్‌లన్నిటికీ ఒకే లాగిన్ పెట్టాలంటే ఎల్‌డ్యాప్ ఒక్కటి చాలా?

ఎవరు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా తమ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవ్వాలి, దానికి ఎల్‌డ్యాప్ (యూజర్ల వివరాలన్నీ ఒకేచోట ఉంచే డైరెక్టరీ) సర్వర్ ఒక్కటి పెడితే సరిపోతుందా అని కదా మీరు అడిగింది. పని జరుగుతుంది గానీ, దాన్ని విడిగా పెట్టుకుంటే సర్వర్ అసలుదేనని నిరూపించే సర్టిఫికెట్లు, పాస్‌వర్డ్ రూల్స్ అన్నీ మీరే చూసుకోవాలి. నేను ఒక కంప్యూటర్ ల్యాబ్‌కి ఇదే పని చేశాను, అక్కడ ఫ్రీఐపీఏ అని, ఈ పనులన్నీ ఒకేచోట చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాం. యూజర్ల వివరాలకు ఎల్‌డ్యాప్, పాస్‌వర్డ్ సరిచూడటానికి కెర్బరోస్, సర్టిఫికెట్లు, కావాలంటే సిస్టమ్ పేరుని బట్టి దాని అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ కూడా అందులోనే వస్తాయి. ప్రతి డెస్క్‌టాప్‌లో దాని క్లయింట్ ఇన్‌స్టాలర్ నడిపితే ఎస్‌ఎస్‌ఎస్‌డీ (సర్వర్ నుంచి యూజర్ల వివరాలు తెచ్చే ప్రోగ్రామ్), పామ్ (లినక్స్‌లో లాగిన్‌ని సరిచూసే భాగం) సెట్టింగులు అదే చేసేస్తుంది. మీ దగ్గర ఇప్పటికే యాక్టివ్ డైరెక్టరీ (ఇదే పని చేసే మైక్రోసాఫ్ట్ సర్వర్) ఉంటే మాత్రం కొత్త సర్వర్ జోలికి పోకండి, డెస్క్‌టాప్‌లను అందులోనే చేర్చేయండి.

మాకు టైమ్ తిన్నది సర్వర్ కాదు, దాని చుట్టూ ఉన్నవి. కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాలకు మించి గడియారం తేడాను ఒప్పుకోదు, అందుకే మదర్‌బోర్డు బ్యాటరీ పోయి గడియారం తప్పిన పాత సిస్టమ్‌లో పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వకపోవచ్చు, పాపం ఆ యూజర్ తనే మర్చిపోయానని కంగారు పడతాడు. ముందు అన్నిటిలో క్రోనీ అనే గడియారం సరిచేసే ప్రోగ్రామ్ పెట్టి టైమ్ సరిచేయండి. తర్వాత యూఐడీలు, అంటే లినక్స్ ప్రతి యూజర్‌కీ ఇచ్చే నంబర్లు. పాత లోకల్ అకౌంట్‌కీ కొత్త అకౌంట్‌కీ నంబర్ వేరు కాబట్టి, హోమ్ ఫోల్డర్ ఓనర్‌ని మార్చకపోతే మనిషి తన ఫైళ్లే తెరవలేడు. అసలు హోమ్ ఫోల్డరే లేకపోతే పాస్‌వర్డ్ ఒప్పుకుని కూడా మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే తెచ్చి పడేస్తుంది, కాబట్టి మొదటి లాగిన్‌లో ఫోల్డర్ తయారయ్యే ఆప్షన్ ఆన్ చేయండి.

లాగిన్ కాకపోతే ముందు టెర్మినల్‌లో ఐడీ (id) అని కొట్టి ఆ యూజర్ పేరు ఇవ్వండి. పేరే దొరక్కపోతే తప్పు ఎస్‌ఎస్‌ఎస్‌డీ వైపో డీఎన్‌ఎస్ వైపో ఉంటుంది. దొరికితే కినిట్ (kinit) కమాండ్‌తో కెర్బరోస్ టికెట్, అంటే పాస్‌వర్డ్ సరైనదని ఇచ్చే చీటీ, వస్తుందా చూడండి, అదీ వస్తే ఇక పామ్‌లో వెతకండి.

ప్రతి సిస్టమ్‌లో ఒక లోకల్ అడ్మిన్ అకౌంట్ తప్పకుండా ఉంచండి, ఇందులో మొహమాటం వద్దు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ క్యాష్ (లాగిన్ వివరాలు ఆ సిస్టమ్‌లోనే దాచుకోవడం) ఆన్‌లో ఉంటే సర్వర్ పడిపోయినా ఆ సిస్టమ్‌లో ఇదివరకు లాగిన్ అయినవాళ్లు వెళ్లగలరు, కొత్తవాళ్లు వెళ్లలేరు, హోమ్ ఫోల్డర్లు ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో వేరే సర్వర్ నుంచి తెరిచే ఫోల్డర్లు) మీద ఉంటే నెట్‌వర్క్ లేనప్పుడు ఆ క్యాష్ కూడా పెద్దగా ఆదుకోదు. వీలైతే రెండో సర్వర్‌ని రెప్లికాగా, అంటే మొదటిదానికి నకలుగా, పెట్టండి. మొదట ఒక్క డెస్క్‌టాప్‌నే చేర్చి, ఒకసారి లాగిన్ అయ్యాక దాని నెట్‌వర్క్ కేబుల్ పీకి మళ్లీ లాగిన్ అయి చూడండి, అది కుదిరాకే మిగతావాటి మీద చెయ్యి వేయండి.