స్పంజిలో కాపురముండే చేపకు పైపు ముక్క చాలు

ప్రశ్న: నలభై లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో రెండు సెంటీమీటర్ల గోబీ చేప పెంచాలని ఉంది. సముద్రంలో అది స్పంజి (అడుగున అంటుకుని పెరిగే, ఒళ్లంతా రంధ్రాలుండే జీవి) లోపలే బతుకుతుందట. అంతర్వేది నుంచి స్పంజీ, సముద్రపు నీళ్లూ తెచ్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: రెండూ వద్దండి. మీరడిగినది ఎలకాటినస్ జాతి గోబీ. మన కాలువల్లో దొరికే ఇసుకదొందుకి చుట్టమే గానీ ఊరు మాత్రం కరీబియన్ సముద్రం. గొట్టంలా పెరిగే స్పంజి లోపలి గోడకు అంటుకుని, ఆ స్పంజిని పీక్కుతినే సన్నటి పురుగుల్ని ఏరుకు తింటుంది. మగది అక్కడే గుడ్లకు కాపలా కాస్తుంది.

బతికున్న స్పంజిని నీళ్లలోంచి పైకి తీస్తే రంధ్రాల్లో గాలి చేరి ఆ భాగం చచ్చిపోతుంది. ట్యాంకులో దానికి సరిపడా తిండీ ఉండదు. లోపల కుళ్లడం మొదలై, తెల్లటి జిగురు కనబడేసరికి అమ్మోనియా పెరిగి చేప పోతుంది. దాని బదులు అరంగుళం పీవీసీ పైపును పన్నెండు సెంటీమీటర్లు కోసి, అంచులు నున్నగా రుద్ది, కింద మూత బిగించి, నోరు పైకి ఉండేలా రాళ్ల మధ్య నిలబెట్టండి. చేపకు కావలసింది ఇరుకైన చాటు.

వరదల్లో ఎర్రనీరు దిగితే అంతర్వేది దగ్గర సముద్రం ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు కూడా వస్తుంది. అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే మేలు: లీటరుకు సుమారు 36 గ్రాములు. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పదనం కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరుతో 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) చూసుకోండి. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్కతో సున్నా సరిచేయాలి. ఎండాకాలం నీరు ఆవిరైనా ఉప్పు మిగిలే ఉంటుంది, కాబట్టి తగ్గినంతా క్లోరిన్ లేని మంచినీళ్లే పోయాలి. చాలామంది ఉప్పునీళ్లు పోసి ఇక్కడే చేపను పోగొట్టుకుంటారు. కొత్త ట్యాంకులో మొదట పెరిగే విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్, సున్నాకి వచ్చేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, చేపను వేయకండి.

ప్రశ్న: మేత ఏం పెట్టాలి?

జవాబు: ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలు. గుడ్లు మన రొయ్యపిల్లల హేచరీల వైపు తేలిగ్గానే దొరుకుతాయి. లీటరు ఉప్పునీటికి (25–30 పీపీటీ) అర గ్రాము గుడ్లు వేసి, 28 డిగ్రీల దగ్గర, లైటు కింద, అడుగు నుంచి గాలి బుడగలు గట్టిగా కొట్టించండి. ఇరవై నాలుగు గంటల్లో పిల్లలు వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలి, నారింజ రంగు పిల్లలు అడుగున చేరతాయి. సన్నగొట్టంతో అడుగువే లాగి, వడకట్టి, మంచినీళ్లతో కడిగి, ఆ రోజే పెట్టాలి. మర్నాటికి వాటి ఒంట్లో బలం తగ్గిపోతుంది. రోజుకు రెండుసార్లు, పైపు నోటి దగ్గరే, కొంచెం కొంచెంగా వదలండి.