విమానాల తయారీలో అల్యూమినియం పని అయిపోయినట్టేనా?

మెకానికల్ డిప్లొమా చదువుతున్న మీ తమ్ముడు కాంపోజిట్ల (కార్బన్ ఫైబర్ లాంటి పోగుల్ని రెజిన్ అనే జిగురుతో కలిపి చేసే పదార్థాల) లైన్‌లోకి వెళ్తానంటున్నాడనీ, రేపు విమానాలన్నీ కార్బన్ ఫైబర్‌తోనే వస్తాయా అనీ అడిగారు. హైదరాబాద్ శివార్లలో విమాన భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు లే-అప్ షాపులో, అంటే కార్బన్ గుడ్డ పొరలు పరిచే చోట, పనిచేశాను కాబట్టి చెప్తున్నా: అన్నీ రావు.

బోయింగ్ 787 బరువులో దాదాపు సగం, ఎయిర్‌బస్ ఏ350లో 53 శాతం కాంపోజిట్లే. కానీ 787 తర్వాత బోయింగ్ మొదలుపెట్టిన 777ఎక్స్ చూడండి. రెక్కలు కాంపోజిట్, బాడీ మాత్రం లోహమే.

అసలు చిక్కు టైముతో. ప్రీప్రెగ్, అంటే రెజిన్ పట్టించిన కార్బన్ గుడ్డ, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి. ఎన్ని గంటలు బయట ఉందో రోల్ కార్డు మీద రాస్తాం. చల్లదనం పోకముందే కవర్ విప్పితే చెమ్మ పడుతుంది. పొర మీద పొర పరిచి, వ్యాక్యూమ్ బ్యాగ్ వేసి, ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల వేడిలో, ఆరేడు బార్ల ఒత్తిడిలో గంటల తరబడి ఉంచాలి. "పెద్ద కుక్కరే కదరా" అనేది మా అమ్మ. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఒక నైట్ షిఫ్టులో ప్రీప్రెగ్ మీద అంటుకుని ఉండే కవర్ ఫిల్మ్‌లో అరచేయంత ముక్క ఒలవకుండానే దానిమీద తర్వాతి పొర వేసేశాను. పైకి నున్నగా, అద్దంలా వచ్చింది పార్ట్. అల్ట్రాసోనిక్ స్కాన్‌లో మచ్చ కనబడింది. ఎపాక్సీ, అంటే ఆ రెజిన్, ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, దాంతో పార్ట్ మొత్తం స్క్రాప్‌కి పోయింది. అప్పట్నుంచీ ఒలిచిన ప్రతి ముక్కనీ లెక్కపెట్టి డబ్బాలో వేసేవాణ్ణి.

737, ఏ320 లాంటి చిన్న విమానాలు నెలకు డజన్ల లెక్కన బయటికి రావాలి. ఆటోక్లేవ్ ముందు క్యూ కడితే ఆ వేగం ఎక్కడొస్తుంది? అందుకే పొడి గుడ్డ పరిచి వ్యాక్యూమ్‌తో రెజిన్ ఎక్కించే పద్ధతి వచ్చింది. రష్యా ఎంసీ-21 రెక్కలు ఇలా ఆటోక్లేవ్ లేకుండానే చేస్తారు. నాకైతే థర్మోప్లాస్టిక్‌ల మీద ఇంకా ఎక్కువ నమ్మకం. ఫ్రీజర్ అక్కర్లేదు, వేడిచేసి మళ్లీ మలచవచ్చు, వెల్డింగ్ కూడా చేయవచ్చు. ఏ350లో చిన్న చిన్న క్లిప్పులు ఇప్పటికే వాటితో చేస్తున్నారు.

మీ తమ్ముణ్ణి లే-అప్ ఒక్కటే కాకుండా ఎన్‌డీటీ (పార్ట్ పాడవకుండా లోపలి లోపాల్ని పట్టే పరీక్ష), రిపేరు కూడా నేర్చుకోమనండి. సామాన్ల ట్రక్కు తగిలితే అల్యూమినియం సొట్ట పడి చూపిస్తుంది. కార్బన్ అలా కాదు, పైన గీత కూడా లేకుండా లోపల పొరలు విడిపోవచ్చు. దాన్ని పట్టుకునే మనిషి ప్రతి ఎయిర్‌పోర్టులోనూ కావాలి.