ఫోన్ లాక్కుంటే పొర్లి ఏడ్చే పిల్లాడికి ప్రవర్తన సవరణ పని చేస్తుందా? అది లంచం కాదా?

ప్రశ్న ఇదీ: అనంతపురంలో ఉమ్మడి కుటుంబం. బాబుకి 8 ఏళ్ళు, మూడో తరగతి. సాయంత్రం ఫోన్ తీసుకుంటే నేల మీద పొర్లి ఏడుస్తాడు, హోంవర్క్ అనగానే పుస్తకం విసిరేస్తాడు. తిట్టినా, రెండు తగిలించినా ఆ మార్పు రెండు రోజులే. జేజి (నాయనమ్మ) వాడి ఏడుపు చూడలేక తన ఫోన్ ఇచ్చేస్తుంది. స్కూల్లో ఎవరో ‘బిహేవియర్ మాడిఫికేషన్’ (ప్రవర్తన సవరణ) చేయమన్నారు, వినడానికి అది లంచంలా ఉంది అంటున్నారు తల్లిగారు.

పని చేస్తుంది. కాకపోతే ఈ పద్ధతిలో “మా వాడు మొండోడు” అన్న మాటతో ఏ పనీ జరగదు. మొండితనాన్ని లెక్కపెట్టలేం. “ఫోన్ తీసుకున్నాక నేల మీద పడి ఏడవడం” అయితే లెక్కపెట్టవచ్చు: రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు. ఇద్దరు వేర్వేరుగా చూసి ఒకే అంకె చెప్పగలిగితేనే దాన్ని మార్చడానికి పూనుకోండి.

టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్ళు ఇంట్లో ఉంటే ఫలిత నియమం, పునర్బలనం (ఒక పని మళ్ళీ జరిగేలా చేసే ఫలితం), విరమణ అన్న మాటలు గడగడా అప్పజెప్పేస్తారు. మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1898లో పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూసినా, ఆ తర్వాత స్కిన్నర్ అనే ఇంకో మనస్తత్వవేత్త ఎలుకల్నీ పావురాల్నీ పెట్టి చూసినా తేలింది దాదాపు ఒకటే. ఒక పని చేసిన వెంటనే వచ్చే ఫలితాన్ని బట్టే ఆ పని మళ్ళీ జరగడమో తగ్గడమో ఉంటుంది. అందులో ‘వెంటనే’ అన్న మాటను పరీక్షలో రాసేసి ఇంట్లో మర్చిపోతాం. ఆదివారం సైకిల్ కొనిస్తానన్న మాట మంగళవారం సాయంత్రం ఏడుపు మీద పని చేయదు.

మొదటి 7 రోజులు ఏమీ మార్చకండి. నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే వాడికి ఏం దొరికింది. ఒక వరస ఇలా ఉంటుందనుకోండి: “7:10. అమ్మ ఫోన్ తీసుకుంది. పొర్లి ఏడ్చాడు, 6 నిమిషాలు. జేజి తన ఫోన్ ఇచ్చింది.” ఈ ఒక్క వరసలో ముగ్గురు పాఠం నేర్చుకుంటున్నారు. 6 నిమిషాలు ఏడిస్తే ఫోన్ వస్తుందని పిల్లాడు నేర్చుకున్నాడు. ఇది ధనాత్మక పునర్బలనం. ఫోన్ ఇస్తే చెవులు పగిలే ఏడుపు ఆగిపోతుందని జేజి నేర్చుకుంది. ఇది రుణాత్మక పునర్బలనం. చాలామంది దీన్ని శిక్ష అనుకుంటారు, తప్పు. ఇక్కడ ధన, రుణ అంటే మంచి చెడ్డలు కావు, ఒకటి వచ్చి చేరడం, ఒకటి తొలగిపోవడం. రెండిట్లోనూ పని పెరుగుతుంది. ఇక అమ్మ నేర్చుకున్నది: చెప్పినా దండగ. వారం తిరిగేసరికి పుస్తకంలో ఇలాంటి వరసలు పది పదిహేను ఉంటే వాడి ఏడుపుని పోషిస్తున్నది ఎవరో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

“మేం ఎప్పుడూ ఇవ్వం, పదిసార్లలో ఒక్కసారే” అంటారు. అదే ఎక్కువ ప్రమాదం. ఎన్నోసారికి దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు దొరికే ఫలితం అలవాటుని గట్టిగా పాతేస్తుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో పునర్బలన ప్రణాళికల (ఫలితం ఎన్నిసార్లకి, ఎప్పుడు దొరకాలన్న పద్ధతుల) మీద వేసిన పెద్ద గ్రంథంలో ఇదంతా ఉంది గానీ, మన సీమలో దానికి పుస్తకం అక్కర్లేదు. ఒక బోరులో దుమ్ము లేచింది, రెండో దాంట్లోనూ దుమ్మే, మూడో దాంట్లో రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. ఆ తర్వాత ఎన్ని బోర్లు ఎండినా ఇంకోటి వేయించాలనే అనిపిస్తుంది. ఒక్కటీ పడకపోతే రెండింటితో ఆపేసేవాళ్ళం. మీవాడూ అంతే, నీళ్ళు పడేదాకా తవ్వుతాడు.

ఇక విరమణ. అంటే ఏడుపుకి ఇన్నాళ్ళూ దొరికింది ఇక దొరక్కుండా చేయడం. చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో ఏడుపు తగ్గకపోగా పెరగవచ్చు. 6 నిమిషాల ఏడుపు 20 కావచ్చు, కొత్తగా తలుపు తన్నడం మొదలవచ్చు. ఇదివరకు పనిచేసిన మీట పని చేయకపోతే గట్టిగా నొక్కుతాం కదా, అదే. సరిగ్గా ఇక్కడే ఇళ్ళలో చేతులెత్తేసి ఫోన్ ఇచ్చేస్తారు. అలా ఇస్తే వాడికి మీరు నేర్పింది “6 నిమిషాలు చాలవు, 20 కావాలి” అని. కాబట్టి చివరిదాకా నిలబడలేమనుకుంటే మొదలుపెట్టవద్దు. పెళ్ళిళ్ళు, జాతర, పరీక్షలు, చుట్టాలు వచ్చే వారం అసలు వద్దు.

1959లో సి. డి. విలియమ్స్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన చిన్న నివేదిక ఉమ్మడి కుటుంబాలకి అద్దం పట్టినట్టుంటుంది. 21 నెలల పిల్లాడు పడుకోబెట్టి బయటికి వస్తే ఏడ్చేవాడు. లోపలికి వెళ్ళకుండా ఊరుకుంటే మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు, పదోసారికి ఏడుపే లేదు. సుమారు వారం తర్వాత ఇంట్లో ఇంకొకావిడ, వరసకు అత్తో పిన్నో, వాడిని పడుకోబెట్టింది. వాడు ఏడవగానే తిరిగి గదిలోకి వెళ్ళి నిద్రపోయేదాకా ఉంది. ఏడుపు మొత్తం తిరిగొచ్చింది, మళ్ళీ మొదట్నుంచీ చేయాల్సి వచ్చింది. ఒక్క మనిషి, ఒక్కసారి.

ఇంకో సంగతి. అంతా సర్దుకున్నాక మూడు వారాలకో, సెలవలకి ఊరెళ్ళి వచ్చాకో ఉన్నట్టుండి ఒకరోజు పాత ఏడుపు మళ్ళీ రావచ్చు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. పద్ధతి విఫలమైందని కంగారుపడకండి. ఆ రోజు కూడా ఏమీ ఇవ్వకపోతే దానంతటదే పోతుంది.

విరమణ ఒక్కటే పెట్టుకుంటే పిల్లాడికి ఏం చేయకూడదో తెలుస్తుంది, ఏం చేయాలో తెలియదు. కాబట్టి ఏడుపు చోట ఇంకో పనిని పెట్టాలి. ఫోన్ పూర్తిగా మానిపించడం లక్ష్యంగా పెట్టుకోకండి. సాయంత్రం 20 నిమిషాలు ఇవ్వండి, అలారం పెట్టండి, 5 నిమిషాల ముందు ఒకసారి చెప్పండి. లక్ష్యం ఇది: అలారం మోగిన 1 నిమిషం లోపల ఫోన్ తనే తెచ్చి అమ్మ చేతిలో పెట్టడం. మీరు లాక్కోవడం ఉండదు. తేలేదా, తీసుకుని పక్కన పెట్టేయండి, ఉపన్యాసం వద్దు. తిట్టడం కూడా పిల్లాడికి ఒక రకం పట్టించుకోవడమే.

తెచ్చిచ్చిన క్షణంలో ఒక గుర్తు (టోకెన్) ఇవ్వండి. దీనికి చింతపిక్కలు చాలు, ఖర్చు లేదు. కానీ వంటింట్లో చింతపిక్కల డబ్బా వాడికీ తెలుసు, రెండో రోజుకే అందులోంచి తెచ్చి కలిపేసి లెక్క పెంచేస్తాడు. అందుకని 40 పిక్కలు తీసుకుని ఒక్కోదాని మీద గోళ్ళరంగు చుక్క పెట్టండి. చుక్క ఉన్నదే చెల్లుతుంది. బయటికి కనిపించే గాజుసీసాలో వేయండి, పిక్క పడిన చప్పుడు వాడు వినాలి. అలారానికి తెచ్చిస్తే 2, హోంవర్క్‌లో ఒక్కో ముక్క పూర్తయితే 1. రోజు మొత్తానికి 8 దాటకూడదు. ధరలు కాగితం మీద రాసి గోడకి అంటించండి: 3 పిక్కలకి నాయనతో క్యారమ్స్ ఒక ఆట, 5 పిక్కలకి మేడ మీద అరగంట గాలిపటం, 20 పిక్కలకి ఆదివారం పొద్దున హోటల్లో ఉగ్గాని బజ్జీ. ఆదివారం ఎలాగూ ఉగ్గాని తినిపించే ఇల్లయితే ఆ ధరకి విలువ లేదు, ఇంకోటి పెట్టండి. మొదటి రెండు రోజులు ఆ సాయంత్రమే ఏదో ఒకటి కొనుక్కోగలిగేలా ధరలు తక్కువుండాలి, లేకపోతే ఆట అర్థమయ్యేలోపే ఆసక్తి పోతుంది. ఫోన్ నిమిషాల్ని మాత్రం బహుమతి పట్టీలో పెట్టకండి. ఫోనే అన్నిటికన్నా గొప్పదని ఇంకోసారి మనమే చాటినట్టవుతుంది.

పిక్కతో పాటు మాట కూడా కావాలి. “మంచోడివి” అనడం వల్ల వాడికి తెలిసేది ఏమీ లేదు. “అలారం మోగంగానే తెచ్చిచ్చినావే!” అనండి, పిక్క ఏ పనికి వచ్చిందో తెలుస్తుంది. సంపాదించిన పిక్కల్ని కోపంలో వెనక్కి లాక్కోకండి. రెండుసార్లు అలా జరిగితే సీసా వైపు చూడటం మానేస్తాడు.

ఇప్పుడు లంచం సంగతి. ఏడుపు మొదలయ్యాక “ఊరుకో, చాక్లెట్ ఇస్తా” అంటే అది లంచం, దాన్ని ఏడుపు కొనుక్కుంది. ముందే చెప్పిన లెక్క ప్రకారం, పని అయ్యాక ఇస్తే కూలి. వస్తువు అదే చాక్లెట్ కావచ్చు, తేడా అంతా వరసలో ఉంది.

హోంవర్క్ కథ వేరు, రెండిటినీ ఒకే మందుతో చూడకండి. ఫోన్ ఏడుపులో వాడికి దొరికేది వస్తువు. పుస్తకం విసరడంలో దొరికేది తప్పించుకోవడం. పుస్తకం విసిరాడు, మీరు కేకలేశారు, కొట్టారు, వాడు ఏడుస్తూ వెళ్ళి పడుకున్నాడు, లెక్కలు మాత్రం చేయలేదు. దెబ్బ తిన్నా గెలిచింది వాడే. “మూలకి పోయి నిలబడు” అనే శిక్ష కూడా ఇక్కడ బహుమానం అవుతుంది, లెక్కల నుంచి సెలవు కదా. కాబట్టి పుస్తకం విసిరితే ఏమీ అనకుండా మళ్ళీ ముందు పెట్టి, పని మాత్రం బాగా తగ్గించండి: ఒక్క లెక్క, పక్కన కూర్చుని. అది కాగానే లేవనివ్వండి. లేచి వెళ్ళే అవకాశం విసరడం వల్ల కాక లెక్క చేయడం వల్ల రావాలి. మామూలు రోజుల్లో 5 నిమిషాల పని, 3 నిమిషాల విరామం. పనిని వారానికి ఒక నిమిషం చొప్పున పెంచుతూ 15 దగ్గర ఆపండి, ఆ వయసుకి అది చాలు. స్కూల్ నుంచి వచ్చి బొరుగులో ఇంకేదో తిని, హోంవర్క్ ముందు, ఫోన్ తర్వాత. ఇష్టమైన పనిని ఇష్టంలేని పని వెనక పెట్టడాన్ని ప్రీమాక్ సూత్రం అంటారు. జేజిలు ఎప్పట్నుంచో “సంగటి తింటేనే ఓళిగ” అంటున్నది అదే.

దీనికి ముందు ఒక్క పరీక్ష చేయండి. రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదివించండి. తడబడుతుంటే, అక్షరాలు తారుమారవుతుంటే, పుస్తకం ముక్కుకి ఆనించుకుంటుంటే అది మొండితనం కాదు. చూపు పరీక్ష, చదువులో ఇబ్బంది ఉందేమో చూపించడం ముందు, చింతపిక్కలు తర్వాత. చేతగాని పనికి ఎన్ని పిక్కలిచ్చినా రాదు.

కొట్టడం గురించి: ఏడుపు అప్పటికి ఆగుతుంది, అందుకే కొట్టిన చేతికి అది పని చేసినట్టు అనిపిస్తుంది (మళ్ళీ రుణాత్మక పునర్బలనమే, ఈసారి మనకి). కొట్టే మనిషి ఇంట్లో లేనప్పుడు అదే ప్రవర్తన తిరిగొస్తుంది. పైగా దెబ్బ, భయం, లెక్కల పుస్తకం మూడూ పావ్‌లోవ్ ప్రయోగంలో గంట వింటేనే నోరూరేలా కుక్కకి గంట, తిండి కలిసిపోయినట్టు కలిసిపోతాయి. ఆ తర్వాత పుస్తకం తెరిస్తేనే గుండె దడ. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టమే నిషేధించింది.

జేజిని ఒప్పించే దారి వాదన కాదు. నోటుపుస్తకంలో ఆ వారం వరసలు ఆమెకి చదివి వినిపించండి, తప్పు పట్టినట్టు కాకుండా. ఆ తర్వాత చింతపిక్కల సీసా ఆమె చేతికే ఇవ్వండి. మనవడికి ఏదో ఒకటి ఇవ్వకుండా ఆమె ఉండలేదు, ఆ ఇచ్చేదేదో సరైన క్షణంలో ఇస్తుంది. ఆమె ఫోన్‌కి లాక్ పెట్టి, నంబరు ఆమెకే చెప్పండి, వాడికి కాదు. ఏడుపు సమయంలో ఆమె కాసేపు మేడ మీదికో పక్కింటికో వెళ్ళినా మంచిదే.

లెక్క రాయడం మధ్యలో ఆపకండి. వారానికి 7 సాయంత్రాల్లో 6 రోజులు ఫోన్ తనే తెచ్చివ్వడం రెండు వారాలు వరసగా జరిగితే, పిక్క ప్రతిసారీ కాకుండా రెండుసార్లకొకటి, తర్వాత వారానికొకసారి లెక్క చూసి ఇవ్వండి. మెచ్చుకునే మాట మాత్రం తగ్గించకండి. ఒక్కసారిగా సీసా ఎత్తేస్తే మీరే విరమణ చేసినట్టు, ఈసారి మంచి అలవాటుకి.

మూడు నాలుగు వారాలైనా అంకెలు కదలకపోతే, లేదా తల గోడకి కొట్టుకోవడం, కొరకడం, వస్తువులతో ఎదుటివాళ్ళని కొట్టడం ఉంటే ఇంట్లో ప్రయోగాలు ఆపండి. ముఖ్యంగా తల కొట్టుకునే పిల్లాడి మీద పట్టించుకోకపోవడం అనే పద్ధతి వాడకూడదు, మొదట్లో అది పెరిగే దశలోనే దెబ్బ తగులుతుంది. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, మానసిక వైద్య విభాగం ఓపీ గురించి అక్కడ అడగండి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడవచ్చు. వెళ్ళేటప్పుడు ఆ నాలుగు గళ్ళ నోటుపుస్తకం తీసుకెళ్ళండి, డాక్టరు అడిగే ప్రశ్నల్లో సగం దాంట్లోనే ఉంటాయి.