సీఓపీడీ ఉన్న నాన్నగారు నడవొచ్చా?

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న మీ నాన్నగారికి మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, అందుకే కుర్చీలోంచి లేవనివ్వడం లేదని రాశారు. దయచేసి అలా కూర్చోబెట్టకండి. కదలకపోతే కాళ్ల కండరాలు చిక్కిపోతాయి. అప్పుడు చిన్న పనికి కూడా ఎక్కువ ఆక్సిజన్ కావాలి, ఆయాసం ఇంకా పెరుగుతుంది. వ్యాయామంతో ఊపిరితిత్తులు మునుపటిలా కావు, కానీ కండరాలు కచ్చితంగా బలపడతాయి. బాత్రూమ్ దాకా ఆగకుండా వెళ్లి రాగలగడం ఆ వయసులో చాలా పెద్ద విషయమండీ.

ముందు పల్మనాలజిస్టుని (ఊపిరితిత్తుల డాక్టరుని) కలిసి పల్మనరీ రీహాబిలిటేషన్ గురించి, అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి నిపుణులు దగ్గరుండి నేర్పే వ్యాయామం, శ్వాస పద్ధతుల గురించి అడగండి. ప్రైవేటు ఖర్చు భారమైతే మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. 6 నిమిషాల నడక పరీక్ష చేయిస్తే, నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎంత పడిపోతోందో తెలుస్తుంది.

డాక్టరు సరే అన్నాక, గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించండి. ముక్కుతో గాలి పీల్చి, లేచేటప్పుడు ఈల వేస్తున్నట్టు పెదాలు పెట్టి మెల్లగా వదలాలి. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. నడిచేటప్పుడు కాస్త ఆయాసం మామూలే, టెన్షన్ పడకండి. మాట పూర్తిగా రాకపోతే మాత్రం ఆగాలి. చలికాలంలో మన ఊళ్లో పొద్దున్నే పొగమంచు, దుమ్ము కలిసి ఉంటాయి కాబట్టి ఎండ వచ్చాకే పార్కుకి తీసుకెళ్లండి. ఛాతీనొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.